కొటేషన్ ఒప్పుకున్నాక పెంచిన కారు ఇన్సూరెన్స్ ప్రీమియంను ప్రశ్నించడం ఎలా?

నమస్కారం. కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌కు కంపెనీ ఒక కొటేషన్ పంపుతుంది. మనం చూసుకుని సరేనంటాం, చాలాసార్లు అప్పటికప్పుడే డబ్బు కట్టేస్తాం. ఆ మర్నాడో, నాలుగు రోజులకో ఫోన్ వస్తుంది: "సార్, సిస్టమ్‌లో ప్రీమియం మారింది, తేడా కట్టండి, లేకపోతే పాలసీ క్యాన్సిల్ అవుతుంది." ఆ ఒక్క మాటకు కంగారుపడి వెంటనే డబ్బు పంపేసేవాళ్లు చాలామంది ఉంటారు. అలా పంపకముందు ఏం చూసుకోవాలో, ఎలా అడగాలో, వినకపోతే ఎక్కడికి వెళ్లాలో ఈ వీడియోలో వివరిస్తాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, మీరు ఏ దశలో ఉన్నారన్నది. కొటేషన్‌కు సరేనన్నంత మాత్రాన బేరం ఖాయమైపోయిందని మనం అనుకుంటాం కానీ, చట్టం దాన్ని అలా చూడదు. ఇన్సూరెన్స్‌లో ప్రపోజల్, అంటే బీమా కోరుతూ దరఖాస్తు, ఇచ్చేది మనం, దాన్ని అంగీకరించేది కంపెనీ. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక ఎల్‌ఐసీ కేసులో 1984లో సుప్రీంకోర్టు ఈ విషయమే స్పష్టం చేసింది: ప్రీమియం తీసుకుని ఉంచుకున్నంత మాత్రాన, లేదా మౌనంగా ఉన్నంత మాత్రాన కంపెనీ అంగీకరించినట్లు కాదు, ఆ అంగీకారం ప్రపోజల్ ఇచ్చినవారికి తెలియజేయాలి. అది జీవిత బీమా కేసే అయినా, ఒప్పందం ఎప్పుడు పుడుతుందన్న సూత్రం ఇక్కడా అదే. కాబట్టి మీరు సరేనని మాత్రమే అని ఇంకా డబ్బు కట్టకపోతే, మీ వాదన బలహీనమైనదే. డబ్బు కట్టి పాలసీ ఇంకా రాకపోతే వాదన మధ్యస్థంగా ఉంటుంది. డబ్బు కట్టి పాలసీ కాపీ కూడా చేతికి వచ్చి ఉంటే మాత్రం మీ వాదన గట్టిది. ఆ ఒప్పందాన్ని కంపెనీ ఒక్కటే తనకు తోచినట్లు మార్చలేదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, మోసం జరిగిందని రుజువైతే తప్ప కంపెనీ పాలసీని రద్దు చేయకూడదు, అప్పుడు కూడా కనీసం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పే "క్యాన్సిల్ అవుతుంది" అన్న బెదిరింపు బరువు ఎంతో దీన్నిబట్టి గ్రహించండి.

ఇక తెర మీదికి వద్దాం. ఇది నా సొంత కారుకు జరిగిన వ్యవహారమే. 1,197 సీసీ పెట్రోలు కారు, మూడేళ్లుగా నేను క్లెయిమ్ తీసుకోలేదు. ఎడమవైపు ఉన్నది నేను ఒప్పుకున్న కొటేషన్, ఈసారి మారిన కొత్త కంపెనీది. ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకే జరిగే నష్టానికి ప్రీమియం 10,000 రూపాయలు, అందులో 35 శాతం ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్ పోగా 6,500. మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ 3,416. విడిభాగాల తరుగుదలను క్లెయిమ్‌లో కోయకుండా ఉండే జీరో డిప్రిసియేషన్ 2,000. యజమాని ప్రమాద బీమా 375. మొత్తం 12,291, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 14,503 రూపాయలు. ఆ మొత్తం కట్టాను, పాలసీ పీడీఎఫ్ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి మరో 4,130 రూపాయలు కట్టమన్నారు. కారణం అడిగితే "సిస్టమ్ అప్‌డేట్" అన్నారు తప్ప ఇంకో మాట చెప్పలేదు.

కారణం వాళ్లు చెప్పకపోయినా అంకె చెబుతుంది. అదనంగా అడిగిన మొత్తాన్ని 1.18తో భాగించండి, జీఎస్టీ విడిపోతుంది. 4,130ని 1.18తో భాగిస్తే సరిగ్గా 3,500. ఇప్పుడు కొటేషన్‌లోని ప్రతి వరుస పక్కనా ఈ 3,500ను పెట్టి చూడండి. 10,000లో 35 శాతం ఎంత? 3,500. అంటే కంపెనీ నా ఎన్‌సీబీని మొత్తంగా తీసేసింది. సిస్టమ్ అప్‌డేట్ అన్న మాట వెనుక ఉన్నది ఇంతే.

ఇదే పద్ధతిలో మరో రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. థర్డ్ పార్టీ ప్రీమియంను కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టికలో ప్రైవేటు కార్లకు 1,000 సీసీ వరకు 2,094 రూపాయలు, ఆపైన 1,500 సీసీ వరకు 3,416, అంతకు మించితే 7,897. కాబట్టి జీఎస్టీ తీసేశాక మీకు మిగిలిన తేడా 1,322 అయినా, 4,481 అయినా, ఎవరో మీ కారు సీసీని పై తరగతిలో నమోదు చేశారని అర్థం. ఆర్‌సీ తీసి చూడండి. సీసీ సరిగానే ఉంటే ఆర్‌సీ కాపీ జతచేసి పంపడంతో ఆ వివాదం అక్కడే తీరాలి.

తేడా ఈ అంకెల్లో దేనికీ సరిపోకపోతే ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువ మారిందేమో, మీరు అడగని యాడ్-ఆన్, అంటే అదనపు కవర్ ఏదైనా చేరిందేమో చూడండి. పాత పాలసీ గడువు దాటిపోయి ఉంటే కారును తనిఖీ చేశాక ధర మారడం కూడా మామూలే.

ఎన్‌సీబీ దగ్గర మాత్రం కాస్త నిలబడాలి, ఎందుకంటే ఒప్పుకున్నాక ధర పెరగడానికి ఇదొక సాధారణమైన కారణం, తప్పు మనదయ్యే అవకాశం కూడా ఇక్కడ ఉంది. వరుసగా క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి ఇది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ తీసుకుంటే సున్నాకు వస్తుంది. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటినా పోతుంది. పైగా అది కారుది కాదు, మనిషిది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు పాత యజమాని ఎన్‌సీబీని తమ కొటేషన్‌లో చూసి సంతోషిస్తారు, అది నిలవదు.

ఇప్పుడు ప్రపోజల్ ఫారం రెండో పేజీని దగ్గరగా చూపిస్తున్నాను. "గత పాలసీ కాలంలో క్లెయిమ్ చేశారా?" అన్న ప్రశ్న పక్కన "లేదు" అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. నేను పెట్టింది కాదు, లింక్ తెరిచేసరికే ఉంది. మీరు నిజంగా క్లెయిమ్ తీసుకుని ఉండి, ఈ టిక్‌ను గమనించకుండా ముందుకు వెళ్లి ఉంటే, దయచేసి వివాదం పెట్టకండి, తేడా కట్టేయండి. ఎన్‌సీబీ గురించి ఇచ్చిన ప్రకటన తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ కింద వచ్చే ప్రయోజనాలు కోల్పోతారన్న షరతు ఆ ప్రకటనలోనే ఉంటుంది. నాలుగు వేలు మిగుల్చుకోబోయి, రేపు ప్రమాదం జరిగినప్పుడు రెండు మూడు లక్షల మరమ్మతు బిల్లు సొంతంగా భరించే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నా విషయంలో జరిగింది వేరు. అంతకుముందు ఏడాది ముందు అద్దం పగిలినప్పుడు పాత కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నమోదు చేయించాను, రెండో రోజే దాన్ని వెనక్కి తీసుకుని సొంత డబ్బుతో అద్దం వేయించుకున్నాను. రికార్డులో క్లెయిమ్ నంబరు మాత్రం మిగిలిపోయింది. పాత కంపెనీకి మెయిల్ పెట్టి, ఆ క్లెయిమ్‌పై ఏమీ చెల్లించలేదని, 35 శాతం ఎన్‌సీబీకి అర్హత ఉందని లేఖ తెప్పించుకున్నాను. నిజానికి ఈ విచారణ కొత్త కంపెనీ చేయవలసిన పని. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ నియమం ప్రకారం, మన ప్రకటన మీద ఎన్‌సీబీ ఇచ్చిన కంపెనీ 21 రోజుల్లోగా పాత కంపెనీకి రాసి నిర్ధారించుకోవాలి.

ఇక లేఖ. ఫోన్‌లో వాదించవద్దు, వాదించినదానికి సాక్ష్యం ఉండదు. ముందుగా మూడు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి: కొటేషన్, డబ్బు కట్టిన పేజీ, డబ్బు అందినట్లు వచ్చిన సందేశం. తేదీ, సమయం కనిపించాలి. వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్ లింకులు కొద్ది రోజుల్లో పనిచేయకుండా పోతాయి కాబట్టి ఈ పని అదే రోజు చేయండి. ఆ తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి. నేను రాసినది చదువుతాను.

"మీ కొటేషన్ ప్రకారం 14,503 రూపాయలు చెల్లించాను, పాలసీ కూడా జారీ అయింది. మర్నాడు ఫోన్‌లో మరో 4,130 రూపాయలు అడిగారు. జీఎస్టీ తీసివేస్తే ఈ తేడా 3,500 రూపాయలు, అంటే నాకు ఇచ్చిన 35 శాతం ఎన్‌సీబీతో సమానం. ఏ పాలసీ కింద, ఏ తేదీన, ఎంత మొత్తం నాకు క్లెయిమ్‌గా చెల్లించినట్లు మీ రికార్డులో ఉందో, ఆ సమాచారం పాత కంపెనీ నుంచి రాతపూర్వకంగా అందిందో లేదో తెలియజేయగలరు. క్లెయిమ్ చెల్లించలేదని పాత కంపెనీ ఇచ్చిన లేఖ జతచేస్తున్నాను. అదనపు మొత్తానికి నేను అంగీకరించడం లేదు. జారీ అయిన నిబంధనలతోనే పాలసీ అమలులో ఉందని ధ్రువీకరించగలరు."

గమనించండి, ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు. ప్రతి వాక్యానికీ కంపెనీ అవుననో కాదనో జవాబివ్వక తప్పదు.

రెండు వారాల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తిగా లేకపోయినా, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, 155255కు ఫోన్ చేసి కూడా చేయవచ్చు. ఆ పైమెట్టు బీమా ఫిర్యాదులను విచారించే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. చెల్లించిన లేదా చెల్లించవలసిన ప్రీమియంపై వివాదాలు, ప్రీమియం తీసుకుని పాలసీ ఇవ్వకపోవడం, ఈ రెండూ 2017 నాటి అంబుడ్స్‌మన్ నియమాల్లో స్పష్టంగా ఉన్నాయి. కంపెనీ జవాబు సంతృప్తిగా లేకపోయినా, రాసిన నెలలోగా జవాబే రాకపోయినా, అప్పటి నుంచి ఏడాదిలోగా వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాంలకు ఈ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది.

వెబ్‌సైటులోనో యాప్‌లోనో ఒక ధర చూపించి, మీరు ఖాయం చేశాక ఎక్కువ వసూలు చేసి ఉంటే మరో దారి కూడా ఉంది. 2023 నవంబరు 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్, అంటే ఆన్‌లైన్‌లో కొనేవారిని తప్పుదారి పట్టించే పద్ధతుల మార్గదర్శకాల్లో దీన్ని డ్రిప్ ప్రైసింగ్ పేరుతో నిషేధించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేటప్పుడు ఈ మాట పేరుపెట్టి చెప్పండి. డబ్బు కట్టక ముందు దశలో ఉన్నవారికి కూడా ఇది పనికివచ్చే వాదన.

ఈ వివాదం నడుస్తున్నంత కాలం కారు బీమా లేకుండా రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పాత పాలసీ ముగిసిపోతూ కొత్తది చేతికి రాకపోతే, పంతానికి పోకుండా మరో కంపెనీలో పాలసీ తీసుకోండి, మొదటి కంపెనీ నుంచి డబ్బు వెనక్కి అడగండి. పాలసీ జారీ అయి ఉంటే మాత్రం రెండోది తీసుకున్నాకే మొదటిది రద్దు చేయించాలి. క్లెయిమ్ లేకపోతే మిగిలిన కాలానికి ప్రీమియం దామాషాగా తిరిగి వస్తుంది.

తిరిగి వచ్చే డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం రిఫండ్ నేరుగా పాలసీదారుకే చేరాలి, ఏజెంటు ఖాతాలో ఎట్టి పరిస్థితుల్లోనూ జమ చేయకూడదు. ఏజెంటు "నాకు వచ్చాక ఇస్తాను" అంటే ఈ సెక్షన్ పేరు చెప్పి, మీ బ్యాంకు ఖాతా నంబరు, రద్దుచేసిన చెక్కు కాపీ కంపెనీకే మెయిల్ చేయండి.

నా మెయిల్‌కు పదకొండో రోజున జవాబు వచ్చింది. ఎన్‌సీబీ 35 శాతం కొనసాగుతుందని, అదనపు మొత్తం ఏదీ చెల్లించనవసరం లేదని రెండు వాక్యాలు రాశారు. ఆ జవాబును ప్రింటు తీసి, పాలసీ కాపీతో కలిపి కారు డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నాను. మరో కాపీ వచ్చే ఏడాది రెన్యువల్ ఫైలులో ఉంది.