కుర్చీకి కట్టేసిన రాజు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ అధ్యక్షులవారు నాకిచ్చిన టైం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించాలి.

"ఇంగ్లండు రాజు మూడో జార్జి పోగుచేసిన పుస్తకాల గురించి చెప్పండి మాస్టారూ" అని కార్యదర్శి గారు అడిగారు. చెబుతాను. దాదాపు 65 వేల సంపుటాలు. పుస్తకాలున్నది రాజుగారింట్లో అయినా, చదువుకునే పండితులను రానిచ్చేవాడు. ఆయన పోయాక కొడుకు నాలుగో జార్జి 1823లో వాటిని దేశానికి ఇచ్చేశాడు. ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి వెళితే, నడిమధ్యన ఆరంతస్తుల గాజు గోడల వెనక అవే కనిపిస్తాయి.

పుస్తకాల సంగతి ఇంతే. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ మనిషి గురించి. చరిత్ర పాఠాల్లో ఆయన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: అమెరికాను పోగొట్టుకున్న పిచ్చిరాజు. ఆ ముక్క విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

1760లో తాత రెండో జార్జి చనిపోతే 22 ఏళ్లకే రాజయ్యాడు. తండ్రి ఫ్రెడరిక్ అంతకు తొమ్మిదేళ్ల ముందే పోయాడు. 1761 సెప్టెంబర్ 8న జర్మనీలోని ఒక చిన్న సంస్థానం నుంచి షార్లెట్ లండన్ చేరింది. ఆయన పెళ్లికూతురిని మొదటిసారి చూసిందీ, పెళ్లాడిందీ ఆ రోజే! ఆ కాలపు రాజులకు ఉంపుడుగత్తెలు మామూలే. ఈయన మాత్రం భార్యను తప్ప ఇంకొకరిని ఎరగడు. 15 మంది పిల్లలు. నాలుగేళ్ల ఆక్టేవియస్ 1783లో పోయినప్పుడు, వాడు లేని స్వర్గం నాకెందుకని ఏడ్చాడట.

ఆయన నాకు పూజ్యుడేమీ కాదు. మన ఉత్తర సర్కారులను 1766 ఒప్పందంలో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది ఈయన హయాంలోనే. 1800లో దత్తమండలాలు పోయిందీ ఈయన హయాంలోనే. అది వేరే పద్దు. దాన్ని దీంతో కలపకండి.

1786 ఆగస్టులో ఒక రోజు. రాజు సెయింట్ జేమ్స్ ప్యాలెస్ దగ్గర బండి దిగుతున్నాడు. మార్గరెట్ నికల్సన్ అనే పనిమనిషి అర్జీ ఇస్తున్నట్టు కాగితం చాపి, రెండో చేత్తో చిన్న కత్తి దూసింది. భటులు ఆమె మీద పడ్డారు. అప్పుడు రాజు అన్న మాట వినండి: "ఆమెను ఏమీ చేయకండి. పాపం, మతి బాగాలేదు. నాకేం దెబ్బ తగల్లేదు." ఆమెను ఉరి తీయలేదు. బెత్లెం పిచ్చాసుపత్రికి పంపారు. 1828లో చనిపోయేదాకా, అంటే 42 ఏళ్లు, అక్కడే ఉంది.

రెండేళ్లు దాటాక, 1788లో, రాజుకే మతి చెదిరింది. గంటల తరబడి ఆగకుండా మాట్లాడేవాడు, గొంతు బొంగురుపోయేది. నిద్ర లేదు. లండన్ శివార్లలో క్యూ అనే చోటున్న రాజభవనానికి తరలించి, ఫ్రాన్సిస్ విల్లిస్ అనే వైద్యుణ్ణి పిలిపించారు. వైద్యం ఏమిటి? కాళ్లకు మందు పట్టించి బొబ్బలెక్కించడం. మాట వినకపోతే చేతులు కదలకుండా బిగించే చొక్కా తొడగడం, కుర్చీకి కట్టేయడం. ఆ కుర్చీని ఆయన తన పట్టాభిషేక సింహాసనం అనేవాడు. ఆలోచించండి అమ్మా, మనది కాదని వదిలేయకండి. దేశాన్నేలే రాజుకే ఈ గతి పడితే, బెత్లెంలో ఆ పనిమనిషికి ఏం జరిగి ఉంటుంది?

మా మేనత్తను దొడ్లో కొబ్బరిచెట్టుకు కట్టేసేవారు. చుట్టాలొస్తే దొడ్డి తలుపు వేసేసేవారు. ఆవిడ మంచినీళ్లడిగితే లోపలికి వినిపించేది. చుట్టాలు వెళ్లాకే ఎవరో ఒకరు చెంబుతో వెళ్లేవారు. ఆవిడ పేరెత్తడం మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ ఇష్టముండదు.

ఎక్కడున్నాను? ఆఁ, 1789 ఫిబ్రవరికి రాజు కోలుకున్నాడు. మళ్లీ 1801లో, 1804లో తిరగబెట్టింది. 1810లో ముద్దుల కూతురు అమీలియా క్షయతో పోయింది. పోయేముందు తన జుట్టు పెట్టించిన ఉంగరాన్ని తండ్రి వేలికి తొడిగింది. ఆ తర్వాత ఆయన మళ్లీ తేరుకోలేదు. 1811లో రాజ్యభారం పెద్దకొడుకు మీద పడింది. విండ్సర్ కోటలో చూపు పోయి, చెవుడొచ్చి, తొమ్మిదేళ్లు. 1818లో షార్లెట్ పోతే ఆ సంగతి కూడా ఆయనకు తెలియలేదు. 1820 జనవరి 29న, 81 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. ఆ జబ్బు పోర్ఫిరియా అనే రక్తసంబంధమైన రుగ్మత అని కొందరు వైద్యులన్నారు, మనసు ఒకసారి ఉరకలేసి, ఒకసారి కుంగిపోయే బైపోలార్ అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఏదైనా, జబ్బే కదా!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. మానసిక రోగిని గొలుసులతో కట్టడం మన దేశంలో 2017 చట్టం ప్రకారం నిషేధం. మీ వీధిలో ఏ ఇంట్లోనైనా అలా కట్టేసి ఉంచితే, ఆ ఇంటివాళ్లను తిట్టకండి, వాళ్ల టెన్షన్ వాళ్లది. మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వెనక కూర్చున్న పిల్లలూ, మీరూ రాసుకోండి: 14416.