రాక్ క్రాలర్‌లో బరువు ఎక్కడ ఉండాలి: చాసిస్ స్థానం, గురుత్వ కేంద్రం ఎత్తు

నమస్కారం. రిమోట్‌తో నడిచే రాక్ క్రాలర్, అంటే బండలు ఎక్కే చిన్న బండి, కొన్నవారిలో చాలామంది మొదట మోటారు మారుస్తారు, తరువాత టైర్లు మారుస్తారు, ఆ రెండూ అయ్యాక కూడా నిటారుగా ఉన్న బండ దగ్గర ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి వెల్లకిలా పడుతూనే ఉందని వాపోతారు. మోటారుకు ఎంత శక్తి ఉన్నా, బరువంతా వెనకకు, పైకి చేరిన బండి అలాగే పడుతుంది. అందువల్ల ఈ వీడియోలో చాసిస్, అంటే బండి చట్రం, రెండు యాక్సిళ్ల మధ్య ఎంత ముందుకు ఉండాలి, నేలకు ఎంత దగ్గరగా ఉండాలి అన్న రెండు ప్రశ్నలనే చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బరువును ముందుకు జరపడం గురించి అందరూ మాట్లాడుతారు, కిందికి దించడం గురించి అంతగా మాట్లాడరు, కానీ ఎక్కువ లాభం రెండవదానిలోనే ఉంది.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ బండిని అనుకుందాం. అది 1/10 స్కేల్ క్రాలర్, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 313 మి.మీ., బాడీ, బ్యాటరీలతో కలిపి బరువు 2,500 గ్రాములు, గురుత్వ కేంద్రం నేల నుంచి 100 మి.మీ. ఎత్తున ఉంది. ముందు చక్రాల మీద ఎంత బరువు పడుతోందో తెలుసుకోవడానికి వంటగది త్రాసు చాలు. ముందు చక్రాలను త్రాసు మీద ఉంచి, వెనక చక్రాల కింద సరిగ్గా త్రాసు ఎత్తే ఉన్న చెక్కను పెట్టాలి, లేకపోతే బండి వాలి అంకె తప్పు వస్తుంది. చాసిస్‌ను రెండు మూడు సార్లు చేత్తో నొక్కి వదిలి, షాకులు (కుదుపులను తట్టుకునే స్ప్రింగు గొట్టాలు) తమ స్థితికి వచ్చాక అంకె చూడండి. మన ఉదాహరణలో అది 1,500 గ్రాములు అనుకుంటే, బరువులో 60 శాతం ముందు ఉన్నట్లు. అంటే గురుత్వ కేంద్రం వెనక యాక్సిల్‌కు 188 మి.మీ. ముందున ఉంది.

ఎక్కేటప్పుడు గురుత్వ కేంద్రం నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత వెనక టైరు నేలను తాకే చోటును దాటి వెనకకు పోయిందంటే బండి పడిపోతుంది. మన బండికి ఆ పరిమితి సుమారు 62 డిగ్రీలు. బరువు ముందు వెనకలకు సమానంగా ఉంటే అదే 57 డిగ్రీలకు తగ్గుతుంది. ఇప్పుడు ఆ సమాన బరువు బండిలోనే గురుత్వ కేంద్రాన్ని 20 మి.మీ. కిందికి దించి చూడండి, పరిమితి 63 డిగ్రీలకు చేరుతుంది. పది శాతం బరువును ముందుకు తెస్తే వచ్చే లాభమంతా ఆ 20 మి.మీ. తెచ్చేసింది.

దిగేటప్పుడు సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 60 శాతం ముందు బరువు ఉన్న బండి 51 డిగ్రీల దాకా బోల్తా పడకుండా దిగగలదు, అదే బరువును 65 శాతానికి పెంచితే 48 డిగ్రీలకు ముందే తల కిందికి వేస్తుంది. ముందుకు జరిపిన ప్రతి గ్రామూ ఎక్కేటప్పుడు ఇచ్చినదానిని దిగేటప్పుడు వసూలు చేసుకుంటుంది. పక్క వాలులో అది ఏ సాయమూ చేయదు. గురుత్వ కేంద్రం 100 నుంచి 80 మి.మీ.కు దిగితే మాత్రం, ఎడమ కుడి టైర్ల మధ్య దూరం 200 మి.మీ. ఉన్న బండికి పక్క వాలు పరిమితి 45 నుంచి 51 డిగ్రీలకు పెరుగుతుంది, దిగే పరిమితి 57కు పెరుగుతుంది.

అయితే బరువును ముందుకు తేవడం వృథా అని నేను అనడం లేదు, ఎందుకంటే బండి పడిపోవడానికి చాలా ముందే ముందు టైర్లకు పట్టు పోతుంది. 45 డిగ్రీల వాలు మీద మన బండి ముందు టైర్లు బండను అదిమే బలం మొత్తంలో 28 శాతం మాత్రమే. సమాన బరువు బండికైతే అది 18 శాతమే. గట్టు అంచుకు చేరిన ముందు టైరును దగ్గరగా గమనించండి: తగినంత బరువు ఉంటే రబ్బరు ముళ్లు రాయి అంచు మీద వంగి, టైరు గోడ కొద్దిగా ఉబ్బి, చక్రం నెమ్మదిగా పైకి పాకుతుంది. బరువు చాలకపోతే ముళ్లు వంగవు, టైరు గుండ్రంగానే ఉండి అంచును గీరుతూ తిరుగుతుంది, ఈలోగా వెనక చక్రాలు నెట్టుకొచ్చి ముందు భాగాన్ని గాలిలోకి లేపుతాయి. కాబట్టి మామూలు వాడుకకు 55 నుంచి 60 శాతం మధ్య ముందు బరువు మంచిదని, అంతకు మించి పోవడం ఎక్కడమే ప్రధానమైన పోటీలకు వదిలేయవచ్చని నా సలహా.

ఇక చాసిస్‌ను ముందుకు జరపడం. చాసిస్‌ను యాక్సిళ్లకు కలిపే కడ్డీలను లింకులు అంటారు. వెనక లింకులను పొడుగు చేసి, ముందు లింకులను అంతే పొట్టి చేస్తే వీల్‌బేస్ మారకుండా చాసిస్ ముందుకు వస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గాని లెక్క చూడండి: యాక్సిళ్లు, చక్రాలు పోగా కదిలే బరువు 1,400 గ్రాములు అనుకుంటే, 10 మి.మీ. జరిపినందుకు ముందు బరువు రెండు శాతం కూడా పెరగదు. దానికి బదులుగా ముందు బంపర్ టైర్లను దాటి మరింత బయటికి వచ్చి గట్టుకు ముందే తగులుతుంది, ముందు డ్రైవ్‌షాఫ్ట్ (మోటారు బలాన్ని యాక్సిల్‌కు చేర్చే కడ్డీ) కోణం పెరిగి కీలు బిగుసుకోవచ్చు, షాకుల వాలు మారి స్ప్రింగుల గట్టితనం మారినట్లు అనిపిస్తుంది, చక్రాలు బాడీ కోతలకు మధ్యలో నిలవవు. వెనక ట్రే మీద ఉన్న 250 గ్రాముల బ్యాటరీని 150 మి.మీ. ముందుకు తెస్తే మాత్రం ఒక్క లింకు కూడా విప్పకుండా దాదాపు 5 శాతం లాభం వస్తుంది. అందుకే చాసిస్ స్థానాన్ని నేను చివరి సవరణగానే చూస్తాను. వెనక లింకులు పొడుగు కావడం వల్ల వాటి వాలు తగ్గి, మోటారు లాగినప్పుడు బండి వెనక భాగం ఎగిరిపడటం తగ్గుతుంది. చాసిస్ జరపడంలో నాకు నచ్చే అసలు ప్రయోజనం ఇదే.

ముందు యాక్సిల్‌కు ఇత్తడి భాగాలు బిగించడం బాగా తెలిసిన మార్గం. 55 మి.మీ. ఎత్తున 200 గ్రాముల ఇత్తడి చేరితే ముందు బరువు 63 శాతానికి, గురుత్వ కేంద్రం సుమారు 97 మి.మీ.కు వస్తాయి, అంటే ముందుకూ కిందికీ ఒకేసారి పని జరుగుతుంది. కాకపోతే ముందు చక్రాలను పక్కలకు తిప్పే సర్వో మీద, గేర్ల మీద భారం పెరుగుతుంది, చక్రాలలోనే బరువు పెడితే దానిని తిప్పడానికి మోటారు అదనంగా కష్టపడాలి.

బరువు చేర్చడం కన్నా పైనున్నది తీసేయడం తేలిక. గట్టి ప్లాస్టిక్ బాడీ బదులు పలుచని లెక్సాన్ బాడీ పెట్టి, 160 మి.మీ. ఎత్తున ఉన్న 400 గ్రాములను తగ్గించారనుకోండి, గురుత్వ కేంద్రం 11 మి.మీ. కిందికి దిగుతుంది. రూఫ్ ర్యాక్, దాని మీద బొమ్మ డబ్బాలు, లైట్ల బార్ ఇవన్నీ ఫోటోలో అందంగానే ఉంటాయి, ఆ అందానికి వెల పక్క వాలులో తెలుస్తుంది. చాసిస్‌ను దించితే పొట్ట భాగం రాళ్లకు తగులుతుందన్న భయం న్యాయమైనదే. కానీ దించవలసినది పొట్ట కిందనున్న రక్షణ పలకను, అంటే స్కిడ్ ప్లేటును కాదు, దానికి పైన ఉన్న బరువును. ఎల్‌సీజీ (గురుత్వ కేంద్రం తక్కువ ఎత్తున ఉండే) చాసిస్‌లలో స్కిడ్ ఎత్తును దాదాపు అలాగే ఉంచి, రెయిల్స్, బ్యాటరీ, బాడీలను దానికి దగ్గరగా దింపుతారు.

నిలకడగా ఉన్నప్పుడు కొలిచిన అంకెలు ఎక్కేటప్పుడు అలాగే ఉండవన్నది మరువకూడదు. వాలులో ముందు స్ప్రింగులు బరువు తగ్గి సాగుతాయి, వెనకవి కుంగుతాయి, దాంతో చాసిస్ ముక్కు పైకెత్తుకుని గురుత్వ కేంద్రాన్ని వెనకకు తీసుకుపోతుంది. ముందు షాకుల లోపల చిన్న స్పేసర్లు వేసి అవి సాగే దూరాన్ని తగ్గించడం, వెనక స్ప్రింగులను ఒక మెట్టు గట్టివిగా మార్చడం దీనికి మందు. డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే బలం చాసిస్‌ను ఒక పక్కకు మెలితిప్పి ఒక ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది కూడా. 2017లో వచ్చిన ట్రాక్సాస్ టీఆర్ఎక్స్-4 వంటి పోర్టల్ యాక్సిల్ బండ్లలో గేర్ తగ్గింపు కొంత చక్రం దగ్గరే జరుగుతుంది కనుక డ్రైవ్‌షాఫ్ట్ మీద బలం తగ్గి ఈ మెలిక తక్కువగా ఉంటుంది.

గురుత్వ కేంద్రం ఎత్తును ఇంట్లోనే కొలవవచ్చు. బండిని ఒక పలక మీద అడ్డంగా పెట్టి, కింది వైపు టైర్లు జారకుండా సన్నని చెక్కపట్టీ అడ్డు పెట్టి, ఫోన్‌లోని కోణం కొలిచే యాప్‌ను పలక మీద ఉంచి, ఒక చివరను నెమ్మదిగా ఎత్తండి. పై వైపు టైర్లు రెండూ పలకను వదిలిన కోణం 43 డిగ్రీలైతే, 200 మి.మీ. ట్రాక్ (ఎడమ కుడి టైర్ల మధ్య దూరం) ఉన్న బండికి ఆ ఎత్తు సుమారు 107 మి.మీ. స్ప్రింగులు ఒరగడం వల్ల ఈ అంకె అసలు ఎత్తు కన్నా కొంచెం ఎక్కువే వస్తుంది, అయినా రాళ్ల మీద బండిని పడదోసేది ఈ అంకే. బండిని అటువైపు తిప్పి రెండవ పక్కకు కూడా ఇదే పరీక్ష చేయండి. రెండు కోణాల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తే మోటారు ఉన్న పక్కకు బరువు ఎక్కువగా ఉందని అనుమానించి, బ్యాటరీని దానికి ఎదుటి పక్కకు జరిపి మళ్లీ కొలవండి.