ఆకుపచ్చని వెలుగును ఎప్పుడు నమ్మాలి?

పర్లాకిమిడి పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. పుస్తకాల తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గర కావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టిన ఊరిది. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చదువుకుంటున్న మీకు కణశాస్త్రం గురించి ఇక్కడ తెలుగులో చెప్పగలగడం నాకెంతో సంతోషంగా ఉంది.

మనం బజారులో కోయించుకునే రాగండి చేప తెల్లని కండలో పార్వాల్బుమిన్ అనే చిన్న ప్రోటీన్ దండిగా ఉంటుంది. బిగిసిన కండ త్వరగా సడలేందుకు అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. రాగండి కుటుంబానికే చెందిన కార్ప్ చేపలోని ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని క్రెట్సింగర్, నాకోల్డ్స్ అనే శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. మీ కుడిచేతి చూపుడువేలును, బొటనవేలును చాచి చూడండి: ఆ వేళ్లలాగే ఈ (E), ఎఫ్ (F) అనే రెండు హెలిక్సులు, అంటే స్ప్రింగులా చుట్టుకున్న ప్రోటీన్ భాగాలు, వాటిని కలిపే వంపులో కాల్షియం. ఈఎఫ్ హ్యాండ్ అనే పేరు అలా వచ్చింది. మెదడులో ఈ ప్రోటీన్ కొన్ని నాడీకణాల్లో నిండుగా ఉంటుంది, పక్కనున్న వాటిలో ఉండదు. ఏ కణంలో ఉందో తెలుసుకునేదెలా?

1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి, అంటే తనకు సరిపడే అణువును గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్‌కు, వెలుగునిచ్చే రంగును అతికించి దారి చూపింది. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన ఫ్లోరెసీన్ అనే రంగు సుమారు 495 నానోమీటర్ల నీలికాంతిని పీల్చుకొని, 520 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. నేడు ఎక్కువగా, రంగులేని మొదటి యాంటీబాడీ ప్రోటీన్‌ను పట్టుకున్నాక, రంగున్న రెండో యాంటీబాడీలు అనేకం దానికి అంటుకొని వెలుగును పెంచుతాయి.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకసారి నా స్లయిడులో ప్రతి కణమూ పచ్చగా వెలిగితే మురిసిపోయాను. వారం తర్వాత, మొదటి యాంటీబాడీ వేయకుండా రెండోది మాత్రమే వేసిన స్లయిడు చూస్తే, అదీ అంతే పచ్చగా ఉంది. యాంటీబాడీ ఊరికే అంటుకునే ఖాళీ చోట్లను ముందుగా సీరంతో (రక్తంలోని ద్రవంతో) కప్పే సమయాన్ని నేను తగ్గించినందువల్ల రెండో యాంటీబాడీ దొరికిన చోటల్లా అంటుకుపోయింది. ఆ వారం తీసిన ఫొటోలన్నీ పక్కన పెట్టేశాను. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, ఆ ప్రోటీన్ జన్యువే లేని కణాలను చూడాలి. అవీ వెలిగితే ఆ యాంటీబాడీ మనకు పనికిరాదు.

చీకటిని కూడా వెంటనే నమ్మకూడదు. కాల్షియాన్ని పట్టుకునే మరో ప్రోటీన్ కాల్మోడ్యులిన్ నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకున్నప్పుడు దాని రూపం మారుతుంది; ఒక రూపాన్ని గుర్తించే యాంటీబాడీ మరో రూపాన్ని గుర్తించకపోవచ్చు. కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ ద్రావణంలో ఉంటే, ప్రోటీన్ కణంలోనే ఉన్నా స్లయిడు చీకటిగా కనిపించే వీలుంది. అందుకే ద్రావణంలో ఏమేమి కలిపారో నోటుపుస్తకంలో రాసుకోవడం ఫొటో తీయడమంత ముఖ్యమని నేను భావిస్తాను.

మధ్యాహ్నం మైక్రోస్కోపు దగ్గర మీకు రెండు స్లయిడులు ఇస్తాను. మొదటి యాంటీబాడీ వేయని దాన్నే ముందు చూడండి. తర్వాత కెమెరా ఎక్స్‌పోజర్ ఏమాత్రం మార్చకుండా రెండోది పెట్టండి.