మామిడి రైతు కూడా రుణదాతే

(చిత్తూరులో మామిడి గుజ్జు పరిశ్రమల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించిన రోజులు మీరెవరూ మరచిపోలేదు. విడివిడిగా నెగ్గుకు రావడం కష్టం, రెండు యూనిట్లు ఒక కంపెనీ కిందికి వస్తే మేలన్న ఆలోచన మీలో చాలామందికి ఉంది. కలవాలా వద్దా అన్నది మీ వ్యాపార నిర్ణయం. ఆ విలీనానికి ఆమోదం ఎలా అడగాలన్నదే ఈ రోజు నా విషయం.

2013 కంపెనీల చట్టంలో దీనికి రెండు దారులున్నాయి. 230 నుంచి 232 వరకు ఉన్న సెక్షన్ల కింద జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించడం ఒకటి. 233వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌తో పని లేకుండా కేంద్ర ప్రభుత్వ కంపెనీ వ్యవహారాల అధికారి అయిన రీజినల్ డైరెక్టర్ ఆమోదం పొందడం రెండోది. రెండోది ముఖ్యంగా చిన్న కంపెనీల కోసం పెట్టిన దారి. 2025 సెప్టెంబరులో నిబంధనలు సవరించి, 200 కోట్ల రూపాయల లోపు అప్పులుండి, చెల్లింపుల్లో ఎగవేత లేని అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) కంపెనీలకూ దాన్ని తెరిచారు.

రెండో దారి పేరుకు దగ్గరిదే గానీ, అందరికీ కాదు. మొత్తం వాటాల్లో 90 శాతం ఉన్నవారు విలీన పథకానికి ఒప్పుకోవాలి. సమావేశానికి వచ్చినవారి వాటాల్లో 90 శాతం అంటే చాలదు. ట్రైబ్యునల్ దారిలో ఓటు వేసినవారిలో ఎక్కువమంది ఒప్పుకుని, వారి వాటాలు విలువలో నాలుగింట మూడు వంతులైతే సరిపోతుంది. మన కుటుంబ కంపెనీల సభ్యుల రిజిస్టరు తెరిస్తే, కాలం చేసిన తాతగారి పేరు, విదేశంలో స్థిరపడిన మేనత్త పేరు అలాగే ఉంటాయి. ముందు ఆ వాటాలను వారసుల పేరిట మార్పించండి. పథకం ముసాయిదా తర్వాత రాసుకోవచ్చు.

ఇక రుణదాతలు. వారి ఆమోదం విలువలో పదింట తొమ్మిది వంతులకు చేరాలి. ఈ మాట వినగానే అందరికీ బ్యాంకే గుర్తొస్తుంది, ఎందుకంటే పెద్ద మొత్తం దానిదే. కానీ జూన్, జూలైల్లో కాయలు తోలి, తూకం చీటీ జేబులో పెట్టుకుని, డబ్బు కోసం ఎదురుచూస్తున్న రైతు కూడా మీ రుణదాతే. ఆయనకు మీరు బాకీ ఉన్నారు. బాకీ చిన్నదైనంత మాత్రాన ఆయన పేరు జాబితాలోంచి జారిపోవడానికి వీల్లేదు.

ఇక్కడ మన జిల్లాకు సంబంధించిన ఒక చిక్కుంది. లెక్కల పుస్తకాలు మార్చి 31తో ముగుస్తాయి. ఆ తేదీతో రుణదాతల జాబితా తీస్తే, పాత సీజన్ బిల్లులు చాలావరకు తీరిపోయి ఉంటాయి, రైతులు కనిపించరు. అదే జాబితా ఆగస్టులో తీస్తే పేజీల నిండా వాళ్లే. అందుకే మార్చి జాబితాతో సరిపెట్టే సలహా మీకెవరైనా ఇస్తే దయచేసి వినకండి. సమావేశం సీజన్ తర్వాత పెడుతుంటే జాబితా కూడా అప్పటిదే కావాలి. 21 రోజుల ముందు పథకంతో సహా నోటీసు ప్రతి రైతుకూ చేరాలి. తెలుగులో చేరాలి.

విలీనమైనా బాకీ పోదు కదా, కొత్త కంపెనీ మీదికి వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, చట్టం అదే చెబుతుంది. అయితే రైతు మిమ్మల్ని నమ్మి కాయలు తోలాడు గానీ, మీరు కలవబోయే కంపెనీని చూసి కాదు. దాని అప్పులెన్నో ఆయనకు తెలియదు. అభ్యంతరం చెప్పే అవకాశం ఆయన హక్కు.

పైగా పథకం రీజినల్ డైరెక్టర్‌కు చేరాక అది రుణదాతల ప్రయోజనానికి విరుద్ధమని ఆయనకు అనిపిస్తే 60 రోజుల్లోపు ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. కంపెనీల రిజిస్ట్రార్‌కు, మూతపడే కంపెనీల ఆస్తుల వ్యవహారం చూసే అధికారిక లిక్విడేటర్‌కు అభ్యంతరాలు తెలపడానికి 30 రోజులుంటాయి. రైతుల సంఘం నుంచి ఒక్క ఫిర్యాదు వాళ్లకు అందినా మీ దగ్గరి దారి కాస్తా చుట్టుదారి కావచ్చు. కంపెనీ తన అప్పులు తీర్చగలదని డైరెక్టర్లు సంతకం చేసే చెల్లింపు సామర్థ్య ప్రకటనలో కూడా ఈ బాకీలు ఉండాల్సిందే.

స్టాంపు డ్యూటీ గురించి, ఆమోదం వచ్చాక చేయాల్సిన దాఖలాల గురించి భోజనాల తర్వాత మాట్లాడుకుందాం. రైతులకు పంపాల్సిన నోటీసు నమూనా తెలుగులో రాసి తెచ్చాను. ఒక్కొక్కరు ఒక ప్రతి తీసుకోండి. అర్థంకాని వాక్యం ఏదైనా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి, సరిచేస్తాను.