లాబతె లాస్ మానోస్: స్పానిష్‌లో మన 'కో'

అందరికీ నమస్కారం. కూర్చోండి.

'కడుక్కో', 'పడుకో' లాంటి మాటల చివర 'కో' వినిపిస్తుంది కదా? ఇవాళ్టి పాఠం దాని చుట్టూనే. 'గిన్నెలు కడుగు' అంటాం, 'చేతులు కడుక్కో' అంటాం. మొదటిదాంట్లో పని గిన్నెల మీద. రెండోదాంట్లో కడిగేదీ నువ్వే, ఆ చేతులూ నీవే. అంత సంగతిని ఒక్క 'కో' చెప్పేస్తోంది.

స్పానిష్‌లో ఆ పని చేసేది 'తె'. 'లాబ లోస్ ప్లాతోస్' అంటే పళ్ళాలు కడుగు. 'లాబతె లాస్ మానోస్' అంటే చేతులు కడుక్కో. ఇలా ఒక పని చెయ్యమని చెప్పేటప్పుడు 'కో'లాగే 'తె' కూడా క్రియ చివర అతుక్కుంటుంది, విడిగా రాయరు. ఇంకో పోలిక నాకు చాలా ఇష్టం. మనం మామూలుగా 'నీ చేతులు కడుక్కో' అనం, 'నీ' అక్కర్లేదు. వాళ్ళూ అంతే, 'నీ' అనే మాట వాడరు.

మన పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. తెలుగులో అనుకున్నది ముందు ఇంగ్లీషులోకి మార్చి, అక్కణ్ణుంచి స్పానిష్‌లోకి వెళ్తారు. ఇంగ్లీషు వాక్యంలో 'కో' లాంటిది ఉండదు కాబట్టి 'తె' దారిలోనే జారిపోతుంది. దయచేసి తెలుగులోంచి నేరుగా వెళ్ళండి. 'అక్వేస్త ఆల్ నీన్యొ' అంటే పిల్లాణ్ణి పడుకోబెట్టు. 'అక్వేస్తతె' అంటే పడుకో. తెలుగు వచ్చినవాళ్ళకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

అయితే అన్నిచోట్లా 'కో' దొరకదు. 'లెబాంత లా మానొ' అంటే చెయ్యెత్తు, 'లెబాంతతె' అంటే లే. మన 'లే'లో 'కో' లేదు. 2020లో కరోనా రోజుల్లో స్పెయిన్ అంతటా వినిపించిన 'కేదతె ఎన్ కాసా', అంటే ఇంట్లోనే ఉండు, అదీ అంతే. 'బే' అంటే వెళ్ళు, 'బేతె' అంటే వెళ్ళిపో. ఇక్కడ 'తె'కి మన 'పో' సరిపోయింది! ఇలాంటివి వాడుకలోనే పట్టుకోవాలి.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 'లాబ'లో ఒత్తి పలికేది 'లా'ని. 'తె' చేరాక కూడా ఒత్తు అక్కడే ఉండాలి. కానీ అచ్చుతో ముగిసే మాటలో చివరినుంచి రెండో అక్షరాన్ని ఒత్తడం స్పానిష్ అలవాటు. అందుకే 'లాబతె' రాసేటప్పుడు మొదటి అచ్చు మీద ఏటవాలు గీత పెడతారు. 'బేతె'కి ఆ గీత అక్కర్లేదు, ఒత్తు సహజంగానే సరైన చోట పడుతుంది. అర్జెంటీనాలో కూర్చో అనడానికి 'సెంతాతె' అంటారు. దానికీ గీత లేదు, కారణం అదే.

ఇక మర్యాద. మనకి 'కో' మారదు, చివర 'అండి' చేరుస్తాం. వాళ్ళకి అతుక్కునే మాటే మారుతుంది. కూర్చో అంటే 'స్యేంతతె'. ఒక్కరిని గౌరవంగా కూర్చోండి అంటే 'స్యేంతెసె', ఎక్కువమందినైతే 'స్యేంతెన్సె'. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో 'సెంతావొస్' అంటారు. అసలు అది 'సెంతాద్' ప్లస్ 'ఒస్', మధ్యలో 'ద్' రాలిపోయింది. 'వెళ్ళిపోండి' అనే 'ఈదొస్'లో మాత్రం అది నిలబడింది. జనం 'ఈరొస్' అంటూనే ఉన్నారు, 2017లో స్పానిష్ భాషా అకాడమీ దాన్నీ ఒప్పుకుంది. మనమూ కలిసి కూర్చుందాం అంటే 'సెంతేమొనొస్', ఇక్కడ 'సెంతేమొస్' చివరి 'స్' పోయింది.

ఇవన్నీ ఒక్కరోజులో నోటికి రావు. ఇంట్లో రోజూ అనే నాలుగు మాటలు పట్టుకోండి చాలు: లే, చేతులు కడుక్కో, కూర్చో, పడుకో. ఇప్పుడే మొదలుపెడదాం. ముందు వరసలో వాళ్ళందరూ, లెబాంతెన్సె.