సైటుకు పంపండి

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్‌లో ఆడపిల్లలను ప్రోత్సహించడం గురించి మాట్లాడమన్నారు. చదువు సంగతి నేను పెద్దగా ఎత్తను. ఈ హాల్లో సగం మంది అమ్మాయిలే, మీకు చదువుకోమని చెప్పేదేముంది! నా దిగులల్లా పట్టా చేతికొచ్చాక మీకు ఏ పని అప్పజెబుతారన్నదే.

అయ్యలసోమయాజుల లలితగారి పేరు ఎందరు విన్నారు? మన తెలుగింటి ఆడపడుచే. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లయింది, పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు. ఒళ్లో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అంతా మగపిల్లలే ఉన్న ఆ కాలేజీలో కూతురికి సీటివ్వమని ప్రిన్సిపాల్ చాకోగారిని అడిగారు, ఆయన సరేనన్నారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యారు. ఆమెతోపాటు చదివిన సివిల్ విద్యార్థిని పి.కె. థ్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు (పీడబ్ల్యూడీ) చీఫ్ ఇంజినీర్ అయ్యారు.

లలితగారు 1948 నుంచి కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేశారు. భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. కానీ భర్త లేని మనిషి ఒంటరిగా సైట్ల వెంట తిరిగితే ఒప్పుకునే కాలం కాదది. ఆమె పని ఎక్కువగా ఆఫీసులోనే సాగింది.

ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు. "ఎండలో నీకెందుకమ్మా, డిజైన్ సెక్షన్‌లో కూర్చో" అంటారు, అదీ ఎంతో ప్రేమగా! పదేళ్లయ్యాక పెద్ద ప్రాజెక్టుకు పేర్లు రాసేటప్పుడు ఆ ప్రేమగల పెద్దలే "ఈ అమ్మాయికి ఫీల్డ్ అనుభవం లేదే" అంటారు.

ఫీల్డ్‌లో ఏముంటుందో చెబుతాను. సబ్‌స్టేషన్‌లో లైన్ మీద పని చేయాలంటే ఎల్‌సీ ఇవ్వాలి, అంటే లైన్‌లో కరెంటు లేదు, పని చేసుకోవచ్చని రాసిచ్చే అనుమతి. బ్రేకర్ ఓపెన్ చేసి కరెంటు ఆపి, ఐసోలేటర్ తీసి లైన్‌ను విడదీసి, ఎర్తింగ్ వేయించి అంటే తీగను భూమికి కలిపించి, అప్పుడు సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని నమ్మి ఒక మనిషి తీగ మీద చెయ్యి వేస్తాడు. మొదట్లో నాకు టెన్షన్‌తో కలం జారిపోయేది. సీనియర్ ఆపరేటర్ ఒకాయన "మేడం, ఎర్త్ రాడ్ కళ్లారా చూడందే కలం తీయొద్దు" అనేవారు. ఇది ఏసీ గదిలో డ్రాయింగ్ ముందు కూర్చుంటే వచ్చే విద్య కాదు. అక్కడ ఆడవాళ్లకు బాత్రూం లేదు. మే నెలలో కూడా నీళ్లు తాగకుండా డ్యూటీకి వెళ్లేదాన్ని. అధికారులెవరైనా వింటుంటే, సన్మానం శాలువాలు పక్కనబెట్టి ముందు ఆ బాత్రూం కట్టించండి.

తెలంగాణలో దక్షిణ డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, 2019 జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌లో ఆడవాళ్లకు చోటివ్వలేదు. కొందరు హైకోర్టుకెళ్లారు. కోర్టు ఒప్పుకున్నాక బబ్బూరి శిరీష స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి 2022లో ఉద్యోగంలో చేరింది. స్తంభం ఎక్కడం కన్నా కోర్టు మెట్లెక్కడానికే ఎక్కువ కాలం పట్టింది!

పిల్లలు పుట్టాక చాలామంది మానేస్తారు. 2017 చట్ట సవరణతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, యాభై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఇంటర్వ్యూలో జీతంతోపాటు అదెక్కడుందో కూడా అడగండి. లలితగారి పాపకు తోబుట్టువుల ఇల్లు అండగా దొరికింది, అందరికీ దొరకదు.

అమ్మానాన్నలూ, రాత్రి బ్రేక్‌డౌన్ డ్యూటీ అంటే మీకు భయమని తెలుసు. బండి ఎవరు పంపుతారు, తోడు ఎవరుంటారు అని కంపెనీని అడగండి. అమ్మాయిని మాత్రం ఆపకండి.

ఇక మైకు మీకిస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి అడిగినా సరే, నా జీతం ఎంతని అడిగినా సరే.