కుక్క మోకాలి ఆపరేషన్‌కు 90,000: ఆ డబ్బు ఎలా తేవాలి? మార్కులతో సహా రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్నది మా భీముడి ఆసుపత్రి బిల్లు. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఉన్న చోట కాగితం అంటించాను. అడుగున ఉన్న అంకె మాత్రం కనిపించాలి: 90,000 రూపాయలు. ఒక కుక్క, ఒక మోకాలు.

ఈ అంకె వినగానే మా వీధిలో సగం మంది "ఆ డబ్బుతో పాడి ఆవు వచ్చేది కదా" అన్నారు. నిజమే, వచ్చేది. ఆ వాదన ఇక్కడ మొదలుపెట్టను. చేయించాలని మనసులో తేల్చుకున్న తర్వాత డబ్బు ఏ దారిలో తేవడం మేలు, ఏ దారిలో తెస్తే ఏడాది తర్వాత కూడా తలనొప్పి వదలదు, ఇదే ఈ రోజు రివ్యూ. ఒక్కో దారికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాను. నేను ఉండేది తిరుపతిలో కాబట్టి ఇక్కడివాళ్లకు, చిత్తూరు వైపు వాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది.

ముందు జబ్బు సంగతి. భీముడు లాబ్రడార్, ఏడో ఏడు నడుస్తోంది, బరువు 38 కిలోలు. అంత బరువు ఉండకూడదు. మా ఇంటి పెరుగన్నానికి తోడు పక్కింటి ఇడ్లీలు కూడా వాడి ఖాతాలోనే పడతాయి. వెనక కుడి కాలు పూర్తిగా మోపడం మానేశాడు. నిలబడితే వేళ్ల కొనలు మాత్రమే నేలకు ఆనేవి. కూర్చున్నప్పుడు ఆ కాలు మడవకుండా పక్కకు చాపేవాడు. మీ కుక్క ఇలా కూర్చుంటుంటే "ఎక్కడో ముల్లు గుచ్చుకుని ఉంటుందిలే" అని వదిలేయకండి.

మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగిపోయింది. మనుషుల్లో ఇది ఎక్కువగా ఆటల్లో ఒక్కసారిగా తెగుతుంది. కుక్కల్లో చాలాసార్లు లోలోపల అరిగి, పలచబడి, చివరికి ఒక రోజు తెగుతుంది. బరువు ఎక్కువైతే ప్రమాదమూ ఎక్కువ. డాక్టరు రెండు చేతులతో పై ఎముకను ఒకచోట, కింది ఎముకను ఒకచోట పట్టుకుని కదిపితే కింది ఎముక సొరుగు లాగినట్టు ముందుకు జరిగింది. ఆ పరీక్ష పేరే సొరుగు పరీక్ష. కళ్లారా చూశాక ఇంక అనుమానం లేదు.

ఆ పరీక్ష జరిగింది మన ఊరి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో. మార్కులు వేయాల్సిన మొదటి దారి కూడా అదే. ఈ కళాశాల 1955లో మొదలైంది, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. తిరుపతిలో ఏళ్ల తరబడి ఉంటూ కూడా అది ఆవులకు, గేదెలకు మాత్రమే అనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కుక్కలనూ పిల్లులనూ చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి ఫీజులు ప్రైవేటుతో పోల్చేటంత ఉండవు. బోధనాసుపత్రి అన్నాక ముందు విద్యార్థి చూస్తాడు, తర్వాత పీజీ చూస్తారు, తర్వాత ప్రొఫెసర్. కథ మూడుసార్లు చెప్పాలి, కుక్కను ముగ్గురు తడుముతారు. నాకైతే అది లాభమే అనిపించింది, ఎందుకంటే బిల్లు పెంచాలన్న తొందర లేనివాళ్లు ముగ్గురు ఒకే మాట చెప్పారు. పెద్ద ఆపరేషన్ అని ఎవరు చెప్పినా, డబ్బు కట్టేముందు రెండో అభిప్రాయం ఇలాంటి చోట తీసుకోండి. పదికి తొమ్మిది. మిగిలిన ఆ ఒక్క మార్కు పొద్దున్నే లేచి వెళ్లాల్సి వచ్చినందుకు, అది నా బద్ధకం.

చెన్నై దగ్గర అనుకునేవాళ్లకు అక్కడ వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉంది, 1903 నాటిది. అదీ బోధనాసుపత్రే. చిత్తూరు నుంచి, పుత్తూరు, నగరి వైపు నుంచి వెళ్లేవాళ్లు దాన్నీ లెక్కలో పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆపరేషన్. ఇందులో రెండు రకాలు తెలుసుకోండి, ఎందుకంటే ధరలో తేడా అక్కడే మొదలవుతుంది. ఒకటి, కీలు బయటి నుంచి గట్టి నైలాన్ దారంతో బిగించడం. ఇది చౌక, చిన్న కుక్కలకు ఎక్కువగా చేస్తారు. రెండోది టీపీఎల్‌వో. కింది ఎముక పైభాగాన్ని వంపు రంపంతో కోసి, కాస్త తిప్పి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఆ ఎముక పైతలం మామూలుగా వెనక్కి ఏటవాలుగా ఉంటుంది. దాన్ని సుమారు 5 డిగ్రీలకు తెస్తే లిగమెంట్ లేకపోయినా ఎముక ముందుకు జారదు. పదిహేను కిలోల లోపు కుక్కలు కొన్నిసార్లు ఆపరేషన్ లేకుండా విశ్రాంతితో కూడా కుదుటపడతాయి. 38 కిలోల భీముడికి ఆ అదృష్టం లేదు. టీపీఎల్‌వో చేయించాలని తేలింది. తేదీ, నా సెలవులు కుదిరాయని చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఎంచుకున్నాను.

ఫోనులో వాళ్లు చెప్పిన మాట 62,000. నేను ఒక్కటే అడిగాను: "కుక్క ఇంటికి వచ్చి, చివరి ఎక్స్‌రే అయ్యేదాకా నా జేబులోంచి ఎంత పోతుందో కాగితం మీద విడివిడిగా రాసి పంపండి." పంపారు. చదువుతాను. ఆపరేషన్, ప్లేటు, స్క్రూలు కలిపి 62,000. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు 6,500. గ్యాస్ మత్తు, ఆ సమయంలో గుండెను, ఊపిరిని గమనించే యంత్రాలు 9,000. రెండు రాత్రుల బస 5,000. మందులు, కట్లు 4,500. తర్వాత తీసే ఎక్స్‌రే, చూపించుకునే ఫీజు 3,000. కలిపితే 90,000. అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ ఎంత అని అడిగితే ఆపరేషన్ ధరే చెప్తారు. కుక్కకు డబ్బు పోయేది కత్తి దగ్గర మాత్రమే కాదు, దాని ముందూ వెనకా కూడా. 62,000 చేతిలో పెట్టుకుని వెళ్లి ఉంటే ఆ 28,000 కోసం అక్కడ నిలబడి ఎవరికి ఫోన్ చేసేవాణ్ణి?

ఈ కాగితంలో తగ్గించమని అడగకూడనివి రెండు. ఒకటి రక్త పరీక్ష. మన వైపు పిడుదుల బెడద ఎంతో మీకు తెలుసు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి హుషారుగానే ఉన్న కుక్కకు లోపల అవి తక్కువ ఉంటే బల్ల మీద రక్తం ఆగదు. రెండోది మత్తు. ఇందులో ఆదా చేసి బయటపడ్డవాళ్ల కథలు వింటాం, బయటపడనివాళ్లు వీడియోలు చేయరు. తగ్గించుకోదగ్గది బస. డాక్టరు సరేనంటే ఒక రాత్రి తగ్గించి ఇంటికి తెచ్చుకోవచ్చు. మందుల చీటీని కూడా బయట దుకాణంలో అడిగి చూడండి.

ఇంకో మాట. జంతువులకు చేసే వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మందులు, తిండి, మెడకు కట్టే ప్లాస్టిక్ కాలర్ విడిగా కొంటే వాటికి పన్ను ఉండవచ్చు. కానీ ఆపరేషన్ ఫీజు మీద 18 శాతం వేసి చూపిస్తే మర్యాదగా "ఇది ఎందుకండీ" అని అడగండి. అలాగే ఈ ఖర్చును ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా, వైద్య ఖర్చుల మినహాయింపు (పాత చట్టంలో 80డి) కింద చూపించవచ్చా అని ఒకాయన అడిగారు. కుదరదు. ఆ మినహాయింపు మనకు, భార్యాభర్తలకు, పిల్లలకు, తల్లిదండ్రులకు. భీముడు మా అమ్మకు మూడో కొడుకే అయినా ప్రభుత్వం ఒప్పుకోదు.

ఇక డబ్బు. చేతిలో 30,000 ఉంది, 60,000 కావాలి.

క్రెడిట్ కార్డు అందరికీ మొదట గుర్తొస్తుంది. గడువులోగా మొత్తం కట్టగలిగితే అంతకన్నా హాయి లేదు. కట్టలేక కనీస మొత్తం కడుతూ పోతే వడ్డీ చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. వీధి చివర వడ్డీ వ్యాపారి మూడు రూపాయలంటే నోరు నొక్కుకుంటాం, కార్డుకు మాత్రం సంతకం పెట్టేస్తాం. 60,000కు నెలకు 2,100 వడ్డీ. పదికి రెండు. వాయిదాలుగా మారిస్తే కాస్త నయం, అప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కూడా కలిపి లెక్క వేయండి. "వడ్డీ లేని వాయిదా" అన్నా ఆ రెండూ అడగండి.

బంగారం అప్పు. నేను తీసుకున్నది ఇదే. గాజులు అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మే బీరువా తెరిచి "గాజులకు నడక అక్కర్లేదు, వాడికి కావాలి, తీసుకుపో నాయనా" అంది. బ్యాంకులో నాకు పడిన వడ్డీ ఏడాదికి 10 శాతం. అంటే 60,000కు నెలకు 500, రూపాయి లోపు వడ్డీ. కార్డుతో పోలిస్తే నెలకు 1,600 మిగులు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన కొత్త నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. ఇస్తామన్నారని అంతా తీసుకోకండి, గడువు దాటితే నగ వేలానికి పోతుంది. బ్యాంకుకూ ప్రైవేటు సంస్థకూ వడ్డీలో తేడా ఉంటుంది. రెండు చోట్ల అడిగాకే నగ తూకానికి పెట్టండి. పదికి ఎనిమిది.

చీటీ పాడుకోవడం మనవాళ్లకు ఇష్టమైన దారి. లక్ష చీటీని పాతిక వేలు తగ్గించి పాడితే చేతికి 75,000 వస్తుంది. అవసరం తెలిసిన సభ్యులు పోటీగా పాట పెంచుతారు, మీరు ఇంకా తగ్గించుకోవాలి. రిజిస్టరైన చీటీ, నడుమ నెలల్లో ఉన్నదైతే ఆరు. ఎదురింటి వదినగారి డైరీలో రాసిన చీటీ అయితే మార్కులు వేయను, మళ్లీ ఆ వీధిలోనే బతకాలి.

విరాళాల వెబ్‌సైట్లు: వీధి కుక్కను కాపాడుతున్నవాళ్లకు మంచి దారి. ఇంట్లో ఏసీ ఉండి, పెంపుడు కుక్కకు చందా అడగడం నాకు నచ్చదు. అది నా అభిప్రాయం.

ఇన్సూరెన్స్ దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది అడిగేది దీని గురించే. మన దేశంలో కుక్కలకు ఆరోగ్య బీమా ఉంది. అప్పటి బజాజ్ అలియాంజ్ కంపెనీ 2020లో తెచ్చింది, ఇంకా కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు, కుక్క పోతే పరిహారం, ఎవరినైనా కరిస్తే మన మీద పడే బాధ్యత, ఇలా విడివిడి భాగాలుగా ఉంటుంది. చదవాల్సినవి నాలుగు: పాలసీలో చేరడానికి వయసు పరిమితి, డబ్బు రావడం మొదలయ్యే ముందు ఆగాల్సిన రోజులు, ఆపరేషన్‌కు విడిగా ఉన్న గరిష్ఠ మొత్తం, బిల్లులో మన వంతు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకు డబ్బు రాదు. ఇప్పటికే కుంటుతున్న కుక్కకు రేపు పాలసీ కొందామనుకుంటే సున్నా. రెండు మూడు నెలల లాబ్రడార్, రాట్‌వీలర్ పిల్లను తెచ్చుకున్నవాళ్లకు ఏడు. టీకాల పుస్తకం సక్రమంగా ఉంచుకోండి, అది లేకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆగగలిగిన ఆపరేషన్ల గురించి. మోకాలు కొన్ని రోజులు ఆగుతుంది, రెండు మూడు చోట్ల ధర అడగవచ్చు. కొన్ని ఆగవు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్క, ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, నీరసంగా ఉంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటికి రాకుండా లోపలే ఉండిపోతే ఇంకా ప్రమాదం. పెద్ద ఛాతీ ఉన్న కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే కడుపు మెలి తిరిగిందేమో. ఇవి గంటల లెక్క. అప్పుడు వడ్డీ లెక్కలు వేయకండి, కార్డు గీకి చేయించండి, మర్నాడు బంగారం పెట్టి కార్డు తీర్చండి. ఈ ఒక్క సందర్భంలో కార్డుకు పదికి పది.

డబ్బు సర్దే లోపు నొప్పి తగ్గిద్దామని మన ఇంట్లోని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బిళ్లలు వేయకండి. కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు ఈ బిల్లుకు ఇంకో బిల్లు తోడవుతుంది.

భీముడు ఇప్పుడు నాలుగు కాళ్ల మీదా నిలబడుతున్నాడు. ఎముక అతుక్కోవడానికి సుమారు ఎనిమిది వారాలు పడుతుందన్నారు. అప్పటిదాకా పరుగు లేదు, మెట్లు లేవు. టైల్స్ మీద జారకుండా ఇంట్లోని పాత గోనెసంచులన్నీ పరిచాం. ఒక కాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో చాలావాటికి రెండో కాలిదీ తెగుతుందని డాక్టరు ముందే చెప్పారు. అందుకే పోస్టాఫీసులో నెలకు 2,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. దానికి ఇంకా మార్కులు వేయలేదు, గడువు తీరనివ్వండి. ఇడ్లీలు మాత్రం బంద్. పక్కింటి అత్తగారికి చెప్పాను, ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. భీముడితో మాట్లాడుతున్నారు.

మీ ఊళ్లో ఇదే ఆపరేషన్‌కు ఎంత అడిగారో, విడివిడిగా రాసిచ్చారో లేదో కింద రాయండి. ఆసుపత్రి పేరు అక్కర్లేదు, కుక్క బరువు మాత్రం తప్పకుండా రాయండి. మత్తు, మందులు లెక్కగట్టేది దాన్నిబట్టే కదా.